మూంగా ఫోటోకి ఎంత లెన్స్ కావాలి?

ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్లు విజయవాడలో మరీ ఎక్కువమంది లేరు. ఉన్న కొద్దిమందికీ ఈ షౌక్ ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, తన్‌ఖాలో సగం ఆ షీషా డబ్బాలోకే పోతున్నా వాళ్లకి బాధుండదు. బాధంతా ఇంట్లోవాళ్లది. చిల్లర్ కొన్నారు, స్కిమ్మర్ కొన్నారు, బకెట్ల కొద్దీ ఉప్పు కొన్నారు. మే నెలలో మనుషులకి కూలర్, చేపలకి చిల్లర్! ఇంత అయ్యాక ఓ రోజు మియా గారు నెమ్మదిగా ఇంకో మాట ఎత్తుతారు. "ఒక మ్యాక్రో లెన్స్ ఉంటే ఫోటోలు భలే వస్తాయట" అని. ఈఎంఐ మీద ఇస్తారట కూడా.

సరిగ్గా అక్కడ నేను అడ్డం పడతాను. జర్నలిస్టుని కదా, కెమెరాల సంగతి తెలిసే ఉంటుందని ఖాందాన్‌లో కుర్రాళ్లు నన్నడుగుతుంటారు, "చాచా, ఏ లెన్స్ తీసుకోను?" అని. నా మష్వరా ఎప్పుడూ ఒకటే. ఇంట్లో ఇప్పటికే జూమ్ లెన్స్ ఉంటే దాని మూతికి ఒక చిన్న క్లోజప్ లెన్స్ తగిలించుకోండి. దాంతో తనివి తీరకపోతే వాడిన 100 ఎంఎం మ్యాక్రో కోసం వెతకండి. చౌకగా వస్తోంది కదా అని 30, 40 ఎంఎం మ్యాక్రో మాత్రం కొనకండి. అక్వేరియం కోసమైతే అది అక్షరాలా డబ్బుని నీళ్లలో పోయడమే.

దుకాణంలో మ్యాక్రో లెన్స్ చూపించేవాళ్లు ముందు చెప్పే మాట 1:1. అంటే వస్తువు ఎంత సైజులో ఉందో కెమెరా సెన్సర్ మీద బొమ్మ కూడా అంతే సైజులో పడుతుందని. మనలో చాలామంది దగ్గరుండే ఏపీఎస్-సీ కెమెరాల సెన్సర్ వెడల్పు ఇరవై రెండు, ఇరవై మూడు మిల్లీమీటర్లు. 1:1 దగ్గర ఫ్రేమ్ నిండా దాదాపు ఒక రూపాయి బిళ్ల పడుతుంది, అంతే. ఇప్పుడు మీ అక్వేరియంలో ఏముందో చూడండి. క్లౌన్ చేప ఏడెనిమిది సెంటీమీటర్లు ఉంటుంది. దాన్ని ఫ్రేమ్‌లో పట్టించడానికి 1:4 చాలు. సెంటీమీటరు వెడల్పున్న జోయాంథిడ్ పాలిప్‌లు నాలుగైదు కలిపి తీయాలంటే 1:2 సరిపోతుంది. ఒకే ఒక్క పాలిప్ నోరు, దాని చుట్టూ ఉండే రేకులు కనిపించాలంటేనే 1:1 అవసరం పడుతుంది. పదిలో తొమ్మిది ఫోటోలకి ఆ జరూరత్ రాదు.

మరి దేనికి డబ్బు పెట్టాలి? ఫాసలాకి. లెన్స్ మూతికీ వస్తువుకీ మధ్య మిగిలే ఖాళీకి. దీన్ని వర్కింగ్ డిస్టెన్స్ అంటారు. పెట్టె మీద రాసేది ఇది కాదు. పెట్టె మీద ఉండేది మినిమమ్ ఫోకస్ డిస్టెన్స్, అది సెన్సర్ నుంచి కొలిచిన అంకె. అందులోంచి కెమెరా మందం, లెన్స్ పొడవు తీసేస్తే మిగిలేదే మనకి పనికొచ్చేది. ఈ హిసాబు ఎవరూ చెప్పరు.

నికాన్ వాళ్ల 40 ఎంఎం డీఎక్స్ మైక్రో ఉంది. మంచి లెన్సే, పువ్వులకీ ఉంగరాలకీ బావుంటుంది. మినిమమ్ ఫోకస్ 16.3 సెంటీమీటర్లు అని రాసి ఉంటుంది. 1:1 దగ్గర లెన్స్ మూతి ముందు మిగిలేది నాలుగు సెంటీమీటర్ల చుట్టుపక్కల. సోనీ 30 ఎంఎం మ్యాక్రోకి అది కూడా లేదు. కానన్ ఈఎఫ్-ఎస్ 60 ఎంఎంకి తొమ్మిది దాకా వస్తుంది. కానన్ పాత ఈఎఫ్ 100 ఎంఎం యూఎస్ఎమ్‌కి దాదాపు పదిహేను. టామ్రాన్ 90 పాత మోడల్ సంగతి కొంచెం వేరు. మ్యాక్రోకి తిప్పేసరికి దాని మూతి ముందుకి సాగుతుంది, ఆ సాగినంత మేర ఫాసలా తగ్గిపోతుంది. ఫోటో నాణ్యతలో దానికి వంక పెట్టలేం గానీ, అంకెలో 90, 100 పక్కపక్కనే ఉన్నాయని రెండూ ఒకటే అనుకోకండి.

ఇప్పుడు షీషా, పానీ లెక్క కలపండి. బిందెలో నీళ్లు పోస్తే అడుగు పైకొచ్చినట్టు కనిపించడం మన నానీ అమ్మలకీ తెలిసిందే. నీళ్లలో పది సెంటీమీటర్ల లోతున ఉన్న వస్తువు ఏడున్నర దగ్గర ఉన్నట్టు కనిపిస్తుంది. లెన్స్‌కీ అలాగే కనిపిస్తుంది. ఇది మనకి లాభం. లెన్స్‌ని గాజుకి ఆనించి పెడితే పదిహేను సెంటీమీటర్ల ఫాసలా ఉన్న 100 ఎంఎం, పది మిల్లీమీటర్ల గాజు దాటి నీళ్లలో పంతొమ్మిది సెంటీమీటర్ల దాకా 1:1లో చూడగలదు. 60 ఎంఎం పదిన్నర దాకా. 40 ఎంఎం నాలుగున్నర దాకా. మీ అక్వేరియంలో రాళ్లూ కోరల్స్ గాజుకి నాలుగు సెంటీమీటర్లలో ఉన్నాయా? ఉండవు. గాజు తుడవడానికి అయస్కాంతం తిరగాలి, నీళ్లు తిరగాలి, అందుకని ముందు జాగా వదిలే పెడతాం. రాళ్లు మధ్యలో, పదిహేను ఇరవై సెంటీమీటర్ల లోపలే మొదలవుతాయి. అందుకే, కొనబోయే ముందు ఒక స్కేలు తీసుకుని పైనుంచి కొలవండి. ముందు గాజు నుంచి మీకు బాగా ఇష్టమైన కోరల్ ఎంత దూరంలో ఉందో ఆ అంకె రాసుకుని దుకాణానికి వెళ్లండి. నూటికి ఎనభై సందేహాలు అక్కడే తీరిపోతాయి.

కొందరు కుర్రాళ్లు, "ఫోన్‌లో మ్యాక్రో ఉంది కదా చాచా" అంటారు. చవక ఫోన్లలో 2 మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరా అని ఒకటి పెడతారే, అది నాలుగు సెంటీమీటర్ల దగ్గర బిగించిన కన్ను. ఖరీదైన ఐఫోన్ ప్రోలో మ్యాక్రో రెండు సెంటీమీటర్లకి దిగుతుంది. రెండూ మన పనికి రావు, కారణం మళ్లీ ఫాసలాయే. ఫోన్‌లో టెలి కెమెరా ఉంటే అది మేలు. 

ఇక అస్లీ బాత్. కెమెరాతోపాటు వచ్చిన రెండో లెన్స్, 55-200 గానీ 55-250 గానీ, చాలా ఇళ్లల్లో బీరువాలో పడి ఉంటుంది. జూలో ఏనుగుని తీయడానికి కొన్నదన్నమాట. దాని మూతికి క్లిప్పులాగా తగిలించే క్లోజప్ లెన్సులు దొరుకుతాయి. నేను చెప్పేది రేనాక్స్ డీసీఆర్-150 లాంటిది, 4.8 డయాప్టర్ పవర్. మన కళ్లద్దాల పవర్ లెక్కే ఇదీ. ఒక మీటరుని 4.8తో భాగిస్తే 208 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే జూమ్‌ని దూరానికి ఫోకస్ చేసి పెట్టినా మూతికి ఇరవై సెంటీమీటర్ల పైచిలుకు దూరంలో వస్తువు స్పష్టంగా కనిపిస్తుంది. జూమ్ తిప్పినా ఈ దూరం ఇంచుమించు మారదు, మారేది సైజు. 200 ఎంఎం దగ్గర పెడితే దాదాపు 1:1. 100 దగ్గర పెడితే 1:2. చేప మొత్తం కావాలంటే 55కి తగ్గించండి, పాలిప్ కావాలంటే 200కి పెంచండి. గాజు, నీళ్ల లెక్క వేస్తే లోపల ఇరవై ఆరు సెంటీమీటర్ల దాకా అందుతుంది. 100 ఎంఎం మ్యాక్రోకి కూడా ఇంత అందదు! ఇదే కంపెనీ డీసీఆర్-250 ఎనిమిది డయాప్టర్లది. సైజు ఇంకా పెద్దగా వస్తుంది గానీ ఫాసలా పన్నెండున్నరకి పడిపోతుంది. అక్వేరియంకి 150 చాలు.

ధరలు రాయను. వారం వారం మారతాయి, చదివినప్పుడు అబద్ధమవుతాయి. కొత్త మ్యాక్రో లెన్స్ ఖరీదులో ఇది చిన్న వాటా అని మాత్రం గుర్తుంచుకోండి. దీని ఐబులు కూడా చెప్పాలి కదా. ఫోటో మూలలు కొంచెం మెత్తగా వస్తాయి. వెలుగు ఎక్కువున్న అంచుల చుట్టూ ఊదారంగు గీత కనిపించొచ్చు. ఎఫ్/8 దాటించి తీస్తే చాలావరకు పోతుంది. మూలల్లో ఎలాగూ మసక నీళ్లే ఉంటాయి, ఎవరు చూస్తారు?

ఎక్స్‌టెన్షన్ ట్యూబులు ఇంకా చౌక. లోపల గాజు ఉండదు, ఖాళీ గొట్టం. కెమెరాకీ లెన్స్‌కీ మధ్య బిగిస్తాం. హిసాబు సులువు. గొట్టం పొడవుని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, లెన్స్‌కి ముందే ఉన్న సైజుకి కలపడమే. కానన్ 50 ఎంఎం ఎస్‌టీఎమ్‌కి మామూలుగా 0.21 వస్తుంది. 36 ఎంఎం గొట్టం పెడితే 0.72 కలిసి దాదాపు 1:1. వినడానికి అద్భుతంగా ఉంది. కానీ వస్తువు లెన్స్‌కి బాగా దగ్గరికి రావాలి, మళ్లీ అదే తక్లీఫ్. ఇంట్లో 50 ఎంఎం ఒక్కటే ఉంటే, 12 ఎంఎం గొట్టం పెట్టి సగం సైజు ఫోటోలు తీసుకోవడానికి పనికొస్తాయి. లెన్స్‌ని తిరగేసి బిగించే రివర్స్ రింగ్ అయితే వద్దే వద్దు. లెన్స్ వెనక భాగాన్ని ఉప్పునీళ్లు చిమ్మే చోట బయట పెట్టడం ఏం తెలివి?

లెన్స్ మాట అయ్యాక రోష్నీ మాట. చాలామంది ఫోటోలు పాడవడానికి లెన్స్ కారణం కాదు, నీలం లైట్. కోరల్స్ కోసం పెట్టే ఎల్‌ఈడీలు 420 నుంచి 460 నానోమీటర్ల నీలాన్ని కుమ్మరిస్తాయి. కెమెరాలో నీలం ఛానల్ నిండి పొర్లుతుంది, ఎరుపు, ఆకుపచ్చ ఆకలితో చస్తాయి. ఫోటో తీసే పది నిమిషాలు తెల్ల ఛానల్ పెంచి నీలం తగ్గించండి. నీలం కిందే మెరిసే ఆ ఆకుపచ్చ, నారింజ రంగులు కావాలంటే లెన్స్ ముందు పసుపో నారింజో ఫిల్టర్ పెట్టి, రా ఫార్మాట్‌లో తీసి, తర్వాత వైట్ బ్యాలెన్స్ సరిచేసుకోండి. రంగులు పెంచే దగ్గర మాత్రం చేయి ఆపండి. ఫోటోలో అంగారంలా కనిపించిన మూంగా ఇంటికొచ్చాక బూడిదరంగులో ఉంటే కొన్నవాడి కడుపు మండుతుంది. ఫోటోగ్రఫీలో ఈమాన్‌దారీ అంటే మీ కన్ను చూసినంత చూపించడమే.

గది లైట్లు ఆర్పండి. తెల్ల చొక్కా వద్దు, గాజులో మీరే కనిపిస్తారు. గాజుని లోపలా బయటా తుడవండి. పంపు ఆపండి, తిరిగి వేయడం మరిచిపోకండి. విజయవాడ ఎండల్లో నీళ్లు తిరగకుండా అరగంట ఉంటే ప్రాణాల మీదికొస్తుంది. కెమెరా గాజుకి తిన్నగా, లంబంగా ఉండాలి. వాలుగా పెడితే లక్షల లెన్స్ కూడా రంగుల అంచులు చూపిస్తుంది, అది గాజు, నీళ్లు చేసే పని. రబ్బరు హుడ్ ఒకటి తగిలించి గాజుకి ఆనిస్తే చేతికి ఆసరా, ప్రతిబింబాలకి తెర. 1:1 దగ్గర లెన్స్‌లోంచి వచ్చే వెలుగు రెండు స్టాపులు తగ్గుతుంది, ఎఫ్/8 అక్కడ ఎఫ్/16లా పనిచేస్తుంది. అందుకే ఎఫ్/22 పెట్టి అంతా స్పష్టంగా రావాలని ఆశపడకండి, మొత్తం మెత్తబడుతుంది. ఎఫ్/8, ఎఫ్/11 చాలు. కదిలే చేపకి సెకనులో 125వ వంతు కంటే నెమ్మదిగా వద్దు. ఫ్లాష్ వాడితే నీళ్ల పైనుంచి కిందికి కొట్టాలి.

ఇంత హంగామా ఎందుకు, లైకుల కోసమా అని భాభీలు అడుగుతారు. న్యాయమైన సవాలే. నా జవాబు, లైకులకైతే వద్దు, బీమారీ పట్టుకోడానికైతే కావాలి. చేప ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు మొదట రెండో మూడో వస్తాయి. కోరల్ అడుగున తినే పురుగు గుడ్లు పెడుతుంది. కంటితో చూస్తే ఏమీ లేదనిపిస్తుంది, సగం సైజు ఫోటోని కంప్యూటర్‌లో పెంచి చూస్తే బయటపడుతుంది. ఉప్పునీటి చేపల హకీమ్ మన పేటల్లో దొరకడు. చెన్నైలోనో బెంగళూరులోనో తజుర్బా ఉన్నవాళ్లకి ఫోటో పంపడమే మన ఇలాజ్. మసక ఫోటో పంపితే మసక జవాబే వస్తుంది.

ఈ సంగతి డెల్టా రైతులకి మనకంటే ముందే తెలుసు. కైకలూరు, బంటుమిల్లి, నాగాయలంక వైపు చెరువు గట్ల మీద రొయ్యని అరచేతిలో పెట్టుకుని ఫోన్‌తో ఫోటో తీసి టెక్నీషియన్‌కి పంపడం మామూలు. రొయ్య తల పెంకు మీద మిల్లీమీటరు తెల్ల మచ్చ ఉందా లేదా అన్న దాని మీద మొత్తం పంట ఆధారపడుతుంది. 1990ల నడుమ వైట్ స్పాట్ ఈ తీరాన టైగర్ రొయ్యని ఎలా తుడిచిపెట్టిందో చూసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల చేతిలో అప్పుడు ఫోన్లు లేవు. జూమ్ మీద పెట్టే ఆ క్లోజప్ లెన్స్ ఒక రొయ్యల రైతు ఇంట్లో ఉన్నా వృథా కాదని నా ఖయాల్.

మూంగా దగ్గరికి వద్దాం. ఒక విషయం దాచను. మన మచిలీపట్నం, హంసలదీవి ఒడ్డున మూంగా తోటలు లేవు. కృష్ణమ్మ తెచ్చే ఒండ్రుతో ఆ నీళ్లు ఎప్పుడూ బురదగానే ఉంటాయి, వాటికి ఎండ తగలాలి. అందుకే మంగినపూడి నుంచి నీళ్లు తెచ్చుకోకుండా పాకెట్ ఉప్పు కలుపుకుంటాం. మన దేశంలో పెద్ద మూంగా గట్లు మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లో ఉన్నాయి. అక్కడివి తీయడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రాతి కోరల్స్ అన్నీ, నల్ల కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్‌లు 2001 నుంచి షెడ్యూల్ ఒకటిలో ఉన్నాయి, పులితో సమానంగా. సముద్ర గుర్రాలూ అంతే. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, పైన జుర్మానా. "బయట దేశం సరుకు భాయ్" అని దుకాణదారు నోటిమాట అంటే చాలదు. దిగుమతి కాగితం, జాతి పేరు రాసిన బిల్లు చేతికి రావాలి. అవి లేకుండా కొన్న రాతి కోరల్‌ని 1:1లో ముత్యంలా ఫోటో తీసి అందరికీ పంచితే, ఖానూన్ ముందు మీరే సబూత్ తయారుచేసి పెట్టినట్టు. జాతిని గుర్తుపట్టడానికి అంతకంటే మంచి ఫోటో అధికారులు కూడా తీయలేరు. నన్నడిగితే కాగితాలు తేలేదాకా క్లౌన్ చేపలతో సరిపెట్టుకోండి. వాటిని హేచరీలో పుట్టించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లే రూపొందించారు. సముద్రం మీద బరువు ఉండదు, నిద్ర కూడా పడుతుంది.

ఇన్ని చెప్పినా అస్లీ మ్యాక్రోయే కావాలంటారా, సరే. వాడినది కొనండి, పగలు కొనండి, టార్చి తీసుకెళ్లండి. డెల్టా గాలిలో తేమ లెన్స్‌కి దుష్మన్. అద్దాల మధ్య సాలెగూడులా తెల్లగా పాకే ఫంగస్ మామూలు చూపుకి కనిపించదు. ఒకవైపు నుంచి టార్చి వేసి రెండోవైపు నుంచి చూస్తే తెలిసిపోతుంది. అంచున చిన్న చుక్క ఉన్నా వదిలేయండి, ఎంత తగ్గించినా సరే. కొన్నాక తోలు సంచిలో దాచకండి, తోలు తేమని పట్టి ఉంచుతుంది. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. అక్వేరియం ఉన్న గదిలో అసలు పెట్టొద్దు.

అంతకంటే ముందు ఒక రోజు కిరాయికి తెచ్చి చూడొచ్చు. పెళ్లి ఫోటోగ్రాఫర్ల సంచుల్లో 100 ఎంఎం మ్యాక్రో ఉంటుంది. నిఖా ఉంగరం, మెహందీ చేతులు, నెక్లెస్ రాళ్లు తీసేది దాంతోనే. వాళ్లకి మూఢం రోజుల్లోనూ ఆషాఢంలోనూ పని తక్కువ, మన వైపు ముహర్రంలో పెళ్లిళ్లు ఉండవు. ఆ రోజుల్లో వెళ్లి అడిగితే కిరాయి తగ్గించి ఇస్తారు. తీరిగ్గా కూర్చుని, మీ కెమెరాకి అది సరిపోతుందో లేదో చాయ్ తాగుతూ చెప్తారు కూడా.